‘కెగెల్ చేసుకోమ్మా’ అని పంపేసే ముందు

గైనకాలజిస్టులకు, పిల్లల డాక్టర్లకు, యూరాలజిస్టులకు, గ్యాస్ట్రో డాక్టర్లకు

నమస్కారం.

నేను పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టుని. అంటే మూత్రాన్నీ మలాన్నీ ఆపి, వదిలే అడుగు కండరాలకు చికిత్స చేసేదాన్ని. మీలో కొందరు నాకు తరచుగా పేషెంట్లను పంపుతుంటారు. కొందరికి ఇలాంటి ఫిజియోథెరపీ ఒకటుందని ఈమధ్యే తెలిసింది. ఒకరిద్దరైతే నా పనిని ఇప్పటికీ ‘ఆ వ్యాయామాలేవో చెప్పడం’ అంటారు. అందుకు నేనేమీ అనుకోను. నా పనికి గౌరవం ఇమ్మని అడగడానికి కాదు ఈ ఉత్తరం. మీరు రాసే చీటీ గురించి, ఇంకా చెప్పాలంటే మీరు రాయని చీటీ గురించి.

పోయిన నెల ఒకావిడ వచ్చారు. చీటీని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకున్నారు. వెనక్కి జారగిలబడి కూర్చోమంటే వద్దన్నారు, కుర్చీ అంచునే కూర్చున్నారు. ‘మీ కుర్చీ తడుస్తుందేమో’ అని నేను అడక్కుండానే చెప్పారు. ముదురు రంగు బట్టలు. భుజాన పెద్ద సంచి, అందులో మార్చుకోవడానికి ఇంకో జత. రెండో కాన్పయి 11 ఏళ్లు. అప్పటి నుంచి దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా మూత్రం కారుతూనే ఉంది. పిల్లలు జోకు వేస్తే పక్క గదిలోకి వెళ్లి నవ్వుకుంటారట.

ఆరు వారాల చెకప్‌లోనే ఆ సంగతి డాక్టరుకి చెప్పారావిడ. ‘కాన్పు తర్వాత మామూలేనమ్మా, కెగెల్ చేసుకో’ అన్నారు డాక్టరు. అంటే ఆ అడుగు కండరాలను బిగించి వదిలే వ్యాయామం. ఇందులో నన్ను కలవరపెట్టింది ఒకటుంది. ఆవిడ నిజంగానే చేసుకున్నారు. బద్ధకించలేదు, మరిచిపోలేదు. పొద్దున లేచినప్పుడు కొన్ని, రాత్రి పడుకునేముందు కొన్ని, ఇన్నేళ్లూ. నేను పరీక్ష చేస్తూ ‘ఏదీ, ఒకసారి బిగించండి’ అన్నాను. ఊపిరి బిగబట్టారు, పొట్ట ముందుకొచ్చింది, నా వేలి కింద కండరం పైకి లేవాల్సింది పోయి కిందికి దిగింది. ఇంకోసారి చేయించి చూశాను. అదే. అంటే మూత్రం ఆగడానికని ఆవిడ చేస్తున్న వ్యాయామమే రోజూ మూత్రాన్ని కిందికి తోస్తోంది.

ఇది ఆవిడకు తెలియకపోవడం వల్ల జరిగింది కాదు. ఆ కండరం కంటికి కనిపించదు. మోచేయి వంచితే కండ లేచినట్టు ఇక్కడ ఏమీ లేవదు. 1991లో అమెరికాలో 47 మంది స్త్రీలకు నోటిమాటగా వివరించి బిగించమని చూశారు. సరిగ్గా చేయగలిగినవాళ్లు సగం కూడా లేరు. నలుగురిలో ఒకరు మూత్రం లీకవడాన్ని పెంచే పద్ధతిలో చేశారు. మీ ఓపీలో తలుపు దగ్గర నిలబెట్టి చెప్పే ఒక్క వాక్యంతో అంతకన్నా మంచి ఫలితం వస్తుందని నేననుకోను.

అసలు కెగెల్ ఏం చేశాడో గుర్తు చేసుకోండి. ఆర్నాల్డ్ కెగెల్ కూడా గైనకాలజిస్టే. 1948లో ఈ వ్యాయామాల గురించి రాసినప్పుడు ‘ఇంటికెళ్లి బిగించుకోండి’ అని వదిలేయలేదు. ముందు వేలితో పరీక్షించి పేషెంటుకు ఆ కండరం ఎక్కడుందో తెలిసేలా చేశాడు. ఎంత బలంగా బిగిస్తున్నారో కొలిచి చూపించడానికి పెరినియోమీటర్ అనే పరికరం తయారు చేశాడు. ఆ ముల్లు కదలడం పేషెంటు తన కళ్లతో చూసేది. మనం ఆయన పేరు ఉంచుకుని, పరీక్షనూ పరికరాన్నీ వదిలేశాం.

ఇది బహిరంగ లేఖ కాబట్టి మీకు తెలిసిందే అయినా చదివే మామూలువాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పెల్విక్ ఫ్లోర్ అంటే ముందున్న జఘనాస్థి నుంచి వెనక తోక ఎముక దాకా, అడ్డంగా ఉయ్యాలలా కట్టిన కండరాల పొర. ఆడవాళ్లకూ ఉంటుంది, మగవాళ్లకూ ఉంటుంది, పసిపిల్లలకూ ఉంటుంది. మూత్రాశయం, పెద్దపేగు చివరి భాగం, గర్భసంచి అన్నీ దీనిమీదే ఆనుకుని ఉంటాయి. మామూలు కాన్పులో బిడ్డ తల దిగేటప్పుడు ఈ పొర లోపలి అంచు దాని మామూలు పొడవుకి మూడు రెట్లకు పైగా సాగుతుందని కంప్యూటర్ నమూనాలతో లెక్క కట్టారు. మన ఒంట్లో ఇంకే కండరాన్నైనా అంత సాగదీస్తే తెగిపోతుంది. ఇదీ కొందరిలో చిరుగుతుంది. అలాంటిదాన్ని బాగుచేసుకోవడానికి ఒక వాక్యం ఇచ్చి పంపిస్తున్నాం. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లను ‘ఇంటికెళ్లి కాలు ఆడించుకో’ అని పంపిస్తామా?

ఈ కండరానికి రెండు పనులు. బిగుసుకోవడం ఒకటి, వదులవడం ఒకటి. దగ్గినప్పుడు క్షణంలో బిగుసుకోవాలి. బాత్రూంలో కూర్చున్నప్పుడు పూర్తిగా వదులవ్వాలి. కెగెల్ అనే మాట మొదటి పనిని మాత్రమే అందరి నోళ్లలో నానేలా చేసింది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో వదలడం రాక బాధపడేవాళ్లు తక్కువేం కాదు. భర్తతో కలవడమంటే భయపడిపోయే అమ్మాయిలు, ఎంతసేపు కూర్చున్నా మూత్రం పూర్తిగా వెళ్లినట్టు అనిపించనివాళ్లు, మోషన్‌కి ముక్కీ ముక్కీ చివరికి వేలు పెట్టి తీసుకునేవాళ్లు. ఈ చివరి మాట మీ ముందు వాళ్లెవరూ చెప్పరు. చెప్పుకోలేని చోట పుండు అంటారే, అది. మీరే అడగాలి. వీళ్లలో చాలామందికి ముక్కినప్పుడు తెరుచుకోవాల్సిన కండరం ఇంకా బిగుసుకుంటుంది. తలుపుకి లోపల గడియ పెట్టి బయటి నుంచి తోసినట్టు. ఇలాంటి మనిషికి కెగెల్ చెప్పడమంటే ఇంకో గడియ పెట్టడమే. విరేచనమయ్యే మందు ఎంత పెంచినా గడియ తీయదు. 2006లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇలాంటి పేషెంట్లకు కొందరికి విరేచనమయ్యే మందు, కొందరికి బయోఫీడ్‌బ్యాక్ (కండరం బిగుస్తోందో వదులవుతోందో పేషెంటుకే చూపిస్తూ నేర్పే పద్ధతి) ఇచ్చి చూశారు. ఆరు నెలల తర్వాత బయోఫీడ్‌బ్యాక్ తీసుకున్నవాళ్లలో 80 శాతం మందికి బాగా గుణం కనిపించింది, మందు వాడినవాళ్లలో 22 శాతం మందికే.

ఇక పిల్లల డాక్టర్లతో కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి.

ఎనిమిదేళ్ల బాబు. వాళ్లమ్మ ఫైలు నా టేబుల్ మీద పెట్టి, బాబుని బయట కూర్చోమని పంపి, గొంతు తగ్గించి చెప్పింది. ‘రోజూ చెడ్డీ పాడు చేసుకుంటాడండీ. తీసి మంచం కింద దాస్తాడు. అడిగితే నేను కాదంటాడు. వాసన వాడికి తెలీదట!’ ఫైల్లో మొదట ఉన్నది లూజ్ మోషన్స్ ఆగడానికి మందు. తర్వాతి కాగితంలో మానసిక నిపుణుల దగ్గరికి పంపినట్టుంది. నేను పొత్తికడుపు మీద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి చూశాను. మూత్రాశయం వెనకాల పేగు చివరి భాగం గట్టిపడిన మలంతో నిండి ఉబ్బిపోయి ఉంది. దాని వెడల్పు మూడు సెంటీమీటర్లు దాటితేనే అనుమానించాలి, ఇది అంతకు బాగా ఎక్కువ. ఆ గట్టి ముద్ద పక్కల నుంచి పలచగా జారుతున్నదే చెడ్డీకి అంటుతోంది. వాడికున్నది మలబద్ధకం. విరేచనాలు ఆపే మందు దాన్ని ఇంకాస్త ముదరబెట్టింది.

మొదలెక్కడో వెనక్కి వెళ్లి అడిగితే, నాలుగేళ్లప్పుడు ఒకసారి బాగా నొప్పి పుట్టి రక్తం కూడా కనిపించిందట. ఆ రోజు నుంచి వాడు బిగబట్టడం నేర్చుకున్నాడు. పిల్లల తర్కం చాలా సూటిగా ఉంటుంది: వెళ్తే నొప్పి, కాబట్టి వెళ్లను. బిగబట్టిన కొద్దీ మలం ఎండుతుంది, ఎండిన కొద్దీ నొప్పి, నొప్పి కొద్దీ బిగబట్టడం. ఏళ్ల తరబడి సాగిన పేగు నిండిందన్న కబురు పైకి పంపడం మానేస్తుంది. కాబట్టి ‘నాకు తెలీలేదమ్మా’ అని వాడన్నది అబద్ధం కాదు. పక్కనే ఉన్న మూత్రాశయం మీద కూడా ఒత్తిడి పడి పగటిపూట లాగు తడుస్తుంటే, దాన్ని పొగరు కింద జమకట్టారు. వాళ్లమ్మకి ఇదంతా తెర మీద చూపించి చెబుతుంటే ఆవిడ తెర వైపు చూడటం మానేసి తలుపు వైపు చూశారు. ‘ఎన్నిసార్లు కొట్టానో’ అన్నారు.

పేగు ఖాళీ చేయించడం, మళ్లీ గట్టిపడకుండా నెలల తరబడి మెత్తబరిచే మందు కొనసాగించడం మీ పనే. అది లేకుండా నేనేం చేసినా దండగ. వారం బాగుందని తల్లిదండ్రులు మందు ఆపేస్తారు, అక్కడ మీరు గట్టిగా ఉండాలి. నా పని ఆ తర్వాతది. అన్నం తిన్న కాసేపటికి పేగులు వాటంతటవే కదులుతాయి, ఆ సమయం చూసుకుని ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టడం. కాళ్లు గాల్లో వేలాడుతుంటే అడుగు కండరం వదలదు, అందుకని పాదాల కింద పీట. మోకాళ్లు తుంటి కన్నా ఎత్తులో, మోచేతులు మోకాళ్ల మీద. చేతిలో సబ్బు బుడగల సీసా. ‘బాత్రూంలో బుడగలా!’ అని వాడు పడీపడీ నవ్వాడు. మెల్లగా ఊదుతూ ఉంటే ఊపిరి బిగబట్టలేడు, ఊపిరి బిగబట్టకపోతే కింద బిగించడం కష్టం. అంతే అందులోని రహస్యం.

మలద్వారం పక్కన చర్మం మీద రెండు చిన్న స్టిక్కర్లు అంటిస్తాం. లోపలికి ఏమీ పెట్టం, పిల్లలకు అలాంటి పరీక్ష మేం చెయ్యం. స్టిక్కర్ల వైర్లు కంప్యూటర్‌కి వెళ్తాయి, తెర మీద ఒక చేప. బిగిస్తే పైకి, వదిలితే కిందికి. మొదటి రోజు చేప పైనే తిరిగింది, ఎంత చెప్పినా దిగలేదు. వదలడమంటే ఏమిటో వాడి ఒంటికి జ్ఞాపకం లేదు. మూడోసారి వచ్చినప్పుడు ఉన్నట్టుండి చేప అడుగున ఇసుకను తాకింది. వాడు చేపనీ నన్నూ మార్చి మార్చి చూసి, ‘ఇదేనా!’ అన్నాడు. చెడ్డీలు శుభ్రంగా ఉండటానికి ఆ తర్వాత ఐదు నెలలు పట్టింది. చేప దిగిన రోజే అంతా అయిపోలేదు, కానీ ఆ రోజు నుంచి వాళ్లింట్లో అరుపులు తగ్గాయి.

మలబద్ధకం ఉన్న ప్రతి పిల్లనూ నాకు పంపమని నేను అడగడం లేదు. నెదర్లాండ్స్‌లో 2017లో వచ్చిన అధ్యయనంలో 53 మంది పిల్లలను చూస్తే, మామూలు వైద్యంతో 63 శాతం మంది బాగుపడగా దానికి ఫిజియోథెరపీ తోడైనప్పుడు 92 శాతం మంది బాగుపడ్డారు. అదే దేశంలో తర్వాత జరిగిన ఇంకో అధ్యయనం మాత్రం, ఫ్యామిలీ డాక్టర్ల దగ్గరికి వచ్చే మామూలు కేసులకు ఫిజియోథెరపీ కలిపినందువల్ల పెద్దగా అదనపు లాభం చూపలేకపోయింది. నాకు నచ్చినా నచ్చకపోయినా ఆ రెండోది కూడా నిజమే. నా అనుభవమూ అదే చెబుతోంది: మొదట్లో మందు, పీట, మంచి మాట చాలు. అవి సరిగ్గా వాడినా రెండు మూడు నెలల్లో దారికి రాకపోతే, లేదా మూత్రం కూడా తడుస్తుంటే, అప్పుడు పంపండి. నాలుగేళ్లు ఆగకండి. రాత్రి మాత్రమే పక్క తడిపే పిల్లలకు నాకన్నా, తడవగానే మోగి లేపే అలారం ఎక్కువ పనికొస్తుంది. ఐదేళ్లప్పుడు నూటికి 15 మంది దాకా తడుపుతారు, అందులో చాలామందికి అదే తగ్గిపోతుంది. కాకపోతే అలారం రాసేముందు మోషన్ సంగతి ఒక్కసారి అడగండి.

ఆడుకుంటూ ఆడుకుంటూ టక్కున కింద కూర్చుని, మడమను తొడల మధ్య అదిమిపెట్టుకునే పాపలను చూసే ఉంటారు. టీచర్లు అల్లరనుకుంటారు. అది అల్లరి కాదు, పొంగుతున్న మూత్రాశయాన్ని మడమతో మూస్తోంది. దీనికి విన్సెంట్ కర్ట్సీ అని పేరు కూడా ఉంది. అలాంటి పాపకు ‘మూత్రం మధ్యలో ఆపి చూడు, కండరం బలపడుతుంది’ అని చెప్పేవాళ్లున్నారు. దయచేసి చెప్పకండి, పెద్దవాళ్లకు కూడా. ధారను మధ్యలో ఆపడం అలవాటైతే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. ఆ పాపకు కావలసింది గడియారం చూసి రెండు మూడు గంటలకోసారి వెళ్లడం, తొందర లేకుండా కూర్చోవడం, నీళ్లు మానేయకపోవడం.

మగవాళ్ల గురించి రాయాల్సింది తక్కువ, ఎందుకంటే వాళ్లు నా దగ్గరికి వచ్చేదే తక్కువ. ప్రోస్టేట్ ఆపరేషన్ అయ్యాక ప్యాడ్ పెట్టుకుని వస్తారు. అదే ఆపరేషన్‌కి ముందే ఒకసారి పంపితే ఏ కండరాన్ని ఎలా పట్టుకోవాలో వాళ్లకు నేర్పి ఉంచేదాన్ని. రెండో రకం, కింద నొప్పి అంటూ ఏళ్ల తరబడి ‘ప్రోస్టేట్ వాపు’ పేరుతో యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు మింగినవాళ్లు. ఆ పేరుతో వచ్చేవాళ్లలో బాక్టీరియా దొరికేది పదిమందిలో ఒకరికి కూడా కాదని యూరాలజిస్టులైన మీకు నేను చెప్పనక్కర్లేదు. నాలుగో కోర్సు రాసేముందు ఆ కండరాలను ఒకసారి నొక్కి చూడండి. నొక్కగానే ‘అదే నొప్పి’ అన్నాడంటే బాక్టీరియా ఉందో లేదో చెప్పే కల్చర్ రిపోర్టు కోసం మళ్లీ ఎదురుచూడక్కర్లేదు.

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. కొత్తలో నేనూ ఒక కాగితం పంచేదాన్ని. పది సార్లు బిగించండి, పది లెక్కపెట్టండి, రోజుకు మూడుసార్లు. చక్కగా బొమ్మ కూడా వేసి ఉండేది. ఒకమ్మాయి రెండు నెలలు శ్రద్ధగా అది చేసి, నొప్పి రెట్టింపై తిరిగొచ్చింది. పరీక్షిస్తే కండరం రాయిలా ఉంది. ఆ అమ్మాయికి అసలు బిగించమనే చెప్పకూడదు. ఆ రోజు నుంచి కాగితం మానేశాను. ఇప్పుడు ముందు చూస్తాను, తర్వాతే చెబుతాను. మొదటిసారి గంట పడుతుంది, అందులో సగం వాళ్లు మాట్లాడటానికే. కొందరు పన్నెండేళ్ల తర్వాత మొదటిసారి నోరు తెరిచేది ఆ అరగంటలోనే.

మొదట చెప్పిన ఆవిడ సంగతి. రెండు వారాలు ఆవిడ చేత ఆ పాత పద్ధతి కెగెల్ ఒక్కటి కూడా చేయించలేదు. ఊపిరి వదలడం, వదులుతూ ఆ కండరాన్ని పైకి లాగడం, అంతే. తర్వాత దగ్గు రాబోతోందని తెలియగానే ఒక్క క్షణం ముందు బిగించడం. కొన్నాళ్లకి ఫోన్ చేసి ‘తుమ్మానండీ’ అన్నారు. అంతే అన్నారు. నాకర్థమైంది. ఇంకా మూడు నెలల పని ఉంది. ట్రాంపొలిన్ ఎక్కి గెంతితే ఏమవుతుందో ఇద్దరికీ తెలీదు.

ఇది ఒకరి అదృష్టం కాదు. 2018లో కాక్రేన్ (అధ్యయనాలన్నీ కలిపి తూచి చూసే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో, దగ్గితే లీకయ్యే రకం సమస్య ఉన్న స్త్రీలలో ఈ కండరాలకు శిక్షణ తీసుకున్నవాళ్లు 56 శాతం మంది నయమైందని చెప్పారు. తీసుకోనివాళ్లలో 6 శాతం. బ్రిటన్‌లో వైద్యానికి ప్రమాణాలు చెప్పే నైస్ సంస్థ మార్గదర్శకాలు ఆపరేషన్ మాటకన్నా ముందు కనీసం మూడు నెలలు పర్యవేక్షణలో శిక్షణ ఇమ్మంటున్నాయి. పర్యవేక్షణ అన్న మాట దగ్గర కాస్త ఆగండి. ఫ్రాన్సులో కాన్పయిన స్త్రీలకు ఇది మామూలు వైద్యంలో భాగం, ఎవరూ సిగ్గుపడి అడగక్కర్లేదు.

మీ ఓపీలో ఎంత రద్దీ ఉంటుందో నాకు తెలుసు. అందుకే పెద్ద కోరికలు కోరను. కాన్పు తర్వాత చెకప్‌లో ‘దగ్గితే తడుస్తోందా? గ్యాస్ ఆగుతోందా? కింద ఏదో జారినట్టు ఉంటోందా? కలిసినప్పుడు నొప్పా?’ అని మీరే అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పేదాకా ఆగకండి. అడిగాక ‘మామూలే’ అనకండి. చాలామందికి ఉన్నంత మాత్రాన అది మామూలైపోదు. నా దగ్గర ఏం జరుగుతుందో ఒక ముక్క చెప్పి పంపండి: పరీక్ష వాళ్లు ఒప్పుకుంటేనే, వద్దంటే పై నుంచే చూసే దారులున్నాయి, మధ్యలో ఎప్పుడు ఆపమన్నా ఆపుతాం. ఆ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల చీటీ తీసుకుని కూడా రానివాళ్లు ఎంతమందో.

నా వైపు నుంచి కూడా ఒక మాట. తొడల మధ్య మొద్దుబారిందన్నా, ఉన్నట్టుండి మూత్రం బందైందన్నా, మూత్రంలో రక్తం కనిపించినా, పిల్లల నడుం కింద వెంట్రుకల కుచ్చో గుంటో ఉండి కాళ్లు తడబడుతున్నా, నా టేబుల్ మీద పడుకోబెట్టను. అప్పటికప్పుడు మీ దగ్గరికి తిప్పి పంపుతాను. 

చీటీ మీద ‘కెగెల్’ అని రాయకండి. ‘కండరాలు పరీక్షించి తగిన చికిత్స ఇవ్వగలరు’ అని రాయండి. బిగించాలో వదలాలో చూసి, కనిపించినదంతా రాసి, అదే కాగితం వెనకవైపున మీకు పంపుతాను.

ఇట్లు
మీ పేషెంట్లను ఆలస్యంగా చూస్తున్న ఒక ఫిజియోథెరపిస్టు